కాన్‌బెరా ముక్కు భాగం: నా రిపేరు డైరీ

అక్టోబర్ 7, 2023, శనివారం

టార్పాలిన్ లాగగానే ముందు పిట్ట గూడు కనిపించింది. దాని కింద పైలట్ సీటు, సీటు కింద అరచెయ్యి లోతున నీళ్ళు. ఎన్నేళ్ళుగా నిలిచాయో, నల్లగా ఉన్నాయి.

ఇది ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ కట్టిన కాన్‌బెరా బాంబర్ ముందు భాగం. మోడల్ పేరు బి(ఐ)8. కాక్‌పిట్ వెనక నుంచి కోసేసిన ముక్క, సుమారు నాలుగు మీటర్ల పొడవు, ఇనుప బండి మీద నిలబెట్టారు. రెక్కలు, ఇంజిన్లు, తోక ఎప్పుడో తుక్కుకి పోయాయి. లింకన్‌షైర్‌లో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న మ్యూజియం వాళ్ళు దీన్ని తెచ్చి షెడ్డు వెనక పెట్టారు. చెయ్యడానికి మనుషులు లేక అలాగే ఉండిపోయింది. నేను వారం రోజులూ ఆఫీసులో మెకానికల్ డిజైన్ చేస్తాను, శనివారాలు ఇక్కడికి వస్తాను. మాది నలుగురి బృందం. మిగతా ముగ్గురూ అరవై దాటిన పెద్దవాళ్ళు.

ఈ పని నేనే అడిగి తీసుకున్నాను. నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, అంటే విమానం ఒంటిని చూసుకునే మెకానిక్. జలహళ్ళిలో ట్రైనింగ్ అయ్యాక ఆగ్రాలో ఏళ్ళ తరబడి కాన్‌బెరాలే చూసుకున్నారు. నా చిన్నతనమంతా ఆ క్వార్టర్స్‌లో గడిచింది. నాన్న ఓవరాల్స్‌ని అమ్మ మా బట్టలతో కలపకుండా విడిగా నానబెట్టేది, కిరసనాయిలు వాసన అన్నిటికీ అంటుకుంటుందని. ఈ రోజు కాక్‌పిట్‌లోకి తల పెట్టగానే, ఆ కుళ్ళిన నీళ్ళ కంపు వెనక నుంచి అదే వాసన సన్నగా వచ్చింది. కాసేపు పని మొదలుపెట్టలేకపోయాను.

నాన్న చూసుకున్నవి బి(ఐ)58లు. దీనికి తోబుట్టువులు, భారతదేశం కోసం చేసినవి. 1957 జనవరిలో మన ప్రభుత్వం 54 బి(ఐ)58లు, ఫోటోలు తీసే పీఆర్57లు 8, ట్రైనింగ్‌కి టీ4లు 6 కొనడానికి ఒప్పందం చేసుకుంది. మొదటి కాన్‌బెరా ఎగిరింది 1949 మే 13న. దాన్ని నడిపినది రోలండ్ బీమాంట్. బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో మొట్టమొదట 1951లో ఈ విమానాలు అందుకున్న 101 స్క్వాడ్రన్ మా జిల్లాలోనే, బిన్‌బ్రూక్‌లో ఉండేది. అందుకే ఇక్కడి ముసలివాళ్ళకి ఈ విమానం ఊరి మనిషి లాంటిది.

రాత్రి నాన్నకి ఫోటోలు పంపాను. అనకాపల్లిలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. అయినా వెంటనే ఫోన్ చేశారు.

"నీళ్ళు ఎటు నిలిచాయమ్మా, ఎడమ వైపా కుడి వైపా?"

"ఎడమ వైపు నాన్నా."

"అయితే కింద డ్రెయిన్ కన్నం మూసుకుపోయి ఉంటుంది. ముందు అది తెరువు. మిగతావన్నీ తర్వాత."


అక్టోబర్ 21

నాన్న చెప్పినట్టే అయింది. విమానం అడుగున నీళ్ళు పోవడానికి చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. మట్టి, ఆకులు, పిట్టల ఈకలు కలిసి సిమెంటులా గట్టిపడి రెండు కన్నాలు పూడిపోయాయి. వెదురు పుల్లతో తీశాను. లోహపు ఊచ వాడితే కన్నం అంచు గీసుకుంటుంది, ఆ గీత దగ్గరే తుప్పు మళ్ళీ మొదలవుతుంది.

పాత విమానం లోపలికి వెళ్ళే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్ళెవరైనా ఈ రెండూ అయ్యేదాకా చెయ్యి పెట్టకూడదు.

ఒకటి ఎజెక్షన్ సీటు, ప్రమాదం వస్తే మనిషిని తనతో సహా బయటికి ఎగరేసేది. అందులో పేలే తూటాలు ఉంటాయి. అవి తీసేశారని కాగితం ఉన్నా సరే, తెలిసిన మనిషి వచ్చి కళ్ళతో చూసి చెప్పాలి. మా సీటు ఖాళీదే, ఆ సంగతి రాసి తలుపుకి కట్టాం.

రెండోది గడియారాలు. ఆ రోజుల్లో చీకట్లో కనపడటానికి అంకెల మీద, ముళ్ళ మీద రేడియం కలిపిన రంగు పూసేవాళ్ళు. ఆ వెలుగు ఎప్పుడో ఆరిపోయింది, రేడియం మాత్రం ఆరదు. దాని బలం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. రేడియేషన్ పట్టి చూపే గైగర్ మీటర్ పెడితే మూడు గడియారాల దగ్గర గట్టిగా టకటకమంది. అద్దం పగలని రెండింటిని సంచుల్లో పెట్టి, గుర్తు రాసి, తాళం వేసే అలమరలోకి పంపాం. మూడోదానికి అద్దం బీటలు వారింది. దాన్ని మేం ముట్టుకోలేదు, లైసెన్సు ఉన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. ఖాళీ కన్నాల్లో ప్రస్తుతానికి అట్టముక్కలు పెట్టాను. చూడటానికి పళ్ళు ఊడిన నోరులా ఉంది, కానీ ఊపిరి బిగబట్టకుండా లోపల కూర్చోగలుగుతున్నాను.


నవంబర్ 11

రేకు పని మొదలైంది. పైపైన చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. అల్యూమినియానికి ఇనుములా ఎర్ర తుప్పు రాదు. ముందు తెల్లగా ఉప్పు పూసినట్టు పొడి వస్తుంది, రంగు కింద చిన్న పొక్కులు లేస్తాయి. పట్టించుకోకపోతే రేకు తాపేశ్వరం మడత కాజాలా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఆ దశకి వచ్చాక గీకి లాభం లేదు, ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాల్సిందే.

ఎక్కడ చచ్చిందో ఎలా తెలుస్తుంది? నాన్న చెప్పిన పద్ధతి ఇది.

"కంటితో చూసి నమ్మకమ్మా. రూపాయి బిళ్ళ తీసుకుని కొడుతూ వెళ్ళు. బజారులో కుండ కొట్టి చూస్తాం కదా, అలాగే. మంచి రేకు ఖంగుమంటుంది. చచ్చినది బొదబొదమంటుంది."

ఇక్కడి పెన్స్ బిళ్ళతో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయాను, బొదబొదమన్న చోట సుద్దతో గీశాను. సాయంత్రానికి పదకొండు గీతలు వచ్చాయి. అందులో తొమ్మిది ఇనుప స్క్రూలు ఉన్న చోట్ల చుట్టూ. రెండు వేరు వేరు లోహాలు తగులుతూ ఉండి, మధ్యలో తడి చేరితే, అల్యూమినియం తనని తాను తినేసుకుంటుంది. విమానం ఎగురుతున్న రోజుల్లో ఎవరో ఒకరు వారం వారం తుడిచి, గ్రీజు పెట్టి, రంగు దిద్దేవాళ్ళు. ఆ చేతులు ఆగిన రోజే ఇది మొదలైంది.

స్క్రూలు విప్పడానికి నా మెట్రిక్ స్పానర్లు పనికిరాలేదు. ఇవన్నీ పాత బ్రిటిష్ కొలతలు, బీఏ, బీఎస్‌ఎఫ్. నాన్నకి చెప్తే నవ్వారు. ఆగ్రాలో కాన్‌బెరా టూల్ బాక్సు ఎవరికీ అరువిచ్చేవాళ్ళు కాదట. పక్క హ్యాంగర్‌లో రష్యన్ విమానాలవి మిల్లీమీటర్లు, వీళ్ళవి బీఏ. "2బీఏ స్పానర్ ఒక్కటి పోతే ఆ రోజు విమానం లేవదు, అది దొరికేదాకా ఎవరూ ఇంటికి పోరు" అన్నారు. ఆ స్పానర్ కాక్‌పిట్‌లో ఎక్కడో పడి, గాల్లో ఉండగా కంట్రోల్ రాడ్ మధ్య ఇరుక్కుంటే ఏమవుతుందో ఆయన నాకు చెప్పనక్కర్లేదు.

ఒక సెట్టు కొన్నాను. సాయంత్రం లెక్కపెట్టి పెట్టెలో పెడుతున్నాను.


డిసెంబర్ 2

చలి. రంగు, జిగురు ఏదీ ఆరదు. లోపల మిగిలిన వైర్లకి చీటీలు కట్టడం మాత్రమే చేశాను. 64 చీటీలు.


డిసెంబర్ 16

ఈ రోజు నా చేతులతో ఒక తప్పు చేశాను. రాయడానికి కష్టంగానే ఉంది.

దారి లెక్కలు చూసే నావిగేటర్ బల్ల పక్కన ఒక చిన్న మూత ఉంది, లోపలి వైపు పాత రంగు పెచ్చులూడుతోంది. తీసి బెంచీ మీద పెట్టి, పెయింట్ స్ట్రిప్పర్ పూసి, పావుగంట ఆగి, గుడ్డతో తుడిచాను. రంగంతా ముద్దలా వచ్చేసింది. గుడ్డ మడతపెట్టబోతుంటే ఆ ముద్దలో మైనపు పెన్సిల్ గీతలు కనిపించాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డ గీత. అలాంటి కట్టలు వరసగా. పక్కన ఎవరివో రెండు పొడి అక్షరాలు. ఒకటి డబ్ల్యూ అనుకుంటా. రెండోది అప్పటికే కరిగిపోయింది.

అరవై ఏళ్ళ కింద ఎవరో ఒక మెకానిక్ ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఎన్నిసార్లు విప్పానో అనో, ఎన్ని గ్రీజు పాయింట్లు అయ్యాయో అనో. ఇక ఎప్పటికీ తెలియదు. నేను ఫోటో కూడా తియ్యలేదు.

బృందంలో పెద్దాయన వచ్చి చూసి భుజం మీద చెయ్యేసి, టీ పెట్టడానికి వెళ్ళాడు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మేమూ రాసేవాళ్ళం. మా పేర్లు ఎక్కడా ఉండవు కదమ్మా, లాగ్ బుక్కులో సంతకం తప్ప. ఆ బుక్కులు కూడా తర్వాత ఎవరు ఉంచుతారు" అన్నారు.

ఇకపై ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ముక్క మీద చెయ్యి వేసే ముందైనా రెండు వైపులా ఫోటో, పక్క నుంచి టార్చి వేసి ఇంకో ఫోటో. స్ట్రిప్పర్ సీసా ఇంటికి పంపేశాను. రంగు తియ్యాల్సి వస్తే తడి స్పాంజి, మెత్తని గరుకు కాగితం, ఓపిక. పైగా రంగు కింద పూసే ఆ ఆకుపచ్చ ప్రైమర్‌లో క్రోమేట్ అనే రసాయనం ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. అందుకైనా తడిగా రుద్దడమే మంచిది, మాస్కుతో.


జనవరి 13, 2024

రేపు భోగి. ఇంటికి ఫోన్ చేస్తే వెనక పిల్లల గోల, అమ్మ అరిసెల పాకం దగ్గర ఉంది. నాన్న మాత్రం గది తలుపేసుకుని నాతో మాట్లాడారు. ఈ రోజు షెడ్డులో వచ్చిన ఒక ప్రశ్న ఆయనకి చెప్పాను. చూడటానికి వచ్చిన ఒక కుర్రాడు అడిగాడు, "విమానానికి ఆయుష్షు ఎవరు నిర్ణయిస్తారు?" అని.

నాకు తెలిసినంత చెప్పాను. నూనె డబ్బా మూత రేకుని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒక్కసారికి విరగదు, ఎన్నోసారికో విరుగుతుంది. రెక్క కూడా అంతే. గాలి కుదుపు తగిలిన ప్రతిసారీ రెక్క కొంచెం వంగుతుంది. లోహం ఆ లెక్క మర్చిపోదు. అందుకే విమానం వయసు ఒక్క ఏళ్ళలోనే చూడరు, ఎన్ని గంటలు ఎగిరింది, ఎలాంటి గాలిలో ఎగిరింది అని చూస్తారు.

కాన్‌బెరా 40,000 అడుగుల పైన, ఫైటర్లు అందుకోలేని ఎత్తులో, పలచటి గాలిలో నిదానంగా పోవడానికి పుట్టింది. వెడల్పాటి రెక్క అందుకే. అలాంటిదాన్ని పశ్చిమ జర్మనీలో చెట్ల కొసలు తాకేంత కిందకి దించారు. మా బి(ఐ)8 లాంటివి అక్కడ 1956 నుంచి 1972 దాకా ఉన్నాయి. అణుబాంబు మోసుకుని కింద నుంచి దూసుకొచ్చి, ఒక్కసారిగా పైకి లేచి, బాంబుని ముందుకి విసిరి వెనక్కి తిరగడం వాటికి నేర్పిన పని. అలా లేచిన ప్రతిసారీ రెక్క ఎంత బరువు మోస్తుందో ఊహించుకోవచ్చు. నేల దగ్గరి గాలి చిక్కగా, గతుకుల రోడ్డులా ఉంటుంది. ఇదే మార్పు దెబ్బకి వాలియంట్ అనే ఇంకో బ్రిటిష్ బాంబర్ రెక్క దూలాల్లో పగుళ్ళు వచ్చి, 1965 మొదట్లోనే మొత్తం విమానాలని పక్కన పెట్టేశారు. అది వచ్చి పదేళ్ళే అయింది అప్పటికి.

మరి మన కాన్‌బెరాలు యాభై ఏళ్ళు ఎలా ఎగిరాయి?

పనికి తక్కువేం లేదు. 1961లో ఆరు విమానాలు ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో వెళ్ళాయి. అదే ఏడాది డిసెంబర్‌లో గోవా దాబోలిం రన్‌వే మీద బాంబులు వేశాయి. 1965లో, 1971లో రాత్రిళ్ళు సరిహద్దు దాటి వెళ్ళాయి. 1959లో ఒక పీఆర్57 రావల్పిండి దగ్గర కూలింది, అందులో ఉన్న ఇద్దరూ ఎజెక్షన్ సీట్లతో బయటపడి బందీలయ్యారు. 1999లో కార్గిల్ యుద్ధంలో వైమానిక దాడులు మొదలయ్యే ముందు ఇంకో పీఆర్57 కుడి ఇంజిన్‌కి క్షిపణి తగిలింది, అయినా ఒక్క ఇంజిన్‌తో తిరిగొచ్చింది. అప్పటికి ఆ రకం విమానం మన దగ్గరకి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. మధ్యలో, 1970లో, న్యూజిలాండ్ వాడి వదిలేసిన పదింటిని కూడా మనవాళ్ళు కొన్నారు. ఆఖరికి 2007 మే 11న ఆగ్రాలో వీడ్కోలు చెప్పారు. బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో అంతకు పది నెలల ముందు, 2006 జూలైలో ఆఖరిది ఎగిరింది. అమెరికాలో నాసా దగ్గర ఈ జాతి విమానాలు, మార్టిన్ కంపెనీ లైసెన్సు తీసుకుని కట్టినవి, ఈ 2024లో కూడా మూడు ఎగురుతున్నాయి.

ఇదంతా చెప్పి, "కట్టడం గొప్పగా కట్టారు నాన్నా" అన్నాను.

"కట్టడం బాగుంది, కాదనను. కానీ రెక్క మూలం దగ్గర అద్దం పెట్టి, టార్చి వేసి, పగులుందా అని చూసినవాడు ఒకడుంటాడు. చలికాలం తెల్లవారుజామున నాలుగింటికి ఆగ్రాలో రేకు ముట్టుకుంటే వేళ్ళు మొద్దుబారేవి. ఎండాకాలం మధ్యాహ్నం ముట్టుకుంటే కాలేవి. రెండు సార్లూ చూడాలి. పగులు లేదని సంతకం పెట్టాలి. అదమ్మా ఆయుష్షంటే" అన్నారు.

ఆ కుర్రాడు మళ్ళీ వస్తే ఈ మాట చెప్తాను.


ఫిబ్రవరి 10

నెల రోజులుగా పక్క తలుపు మీదే ఉన్నాను. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ముక్కు భాగంలో నన్ను బాగా పట్టేసినది ఇదే.

బి(ఐ)8లో, మన బి(ఐ)58లో ఇద్దరే మనుషులు. పైలట్ పైన, కాస్త ఎడమకి జరిపి కట్టిన గాజు బుడగ కింద కూర్చుంటాడు. నావిగేటర్ కింద, కుడి పక్కన, చిన్న బల్ల ముందు. బాంబు వేసే సమయానికి అతను బెల్టు విప్పుకుని ముందుకి పాకి, ముక్కు చివర బోర్లా పడుకుని, అద్దంలోంచి నేలని చూస్తాడు. మా నలుగురిలో అక్కడ పట్టేది నేనొక్కదాన్నే. పడుకుంటే మోచేతులు రెండు వైపులా రేకుకి తగులుతాయి. పైన ఏముందో కనపడదు, వెనక ఎవరున్నారో కనపడదు. కింద నేల మాత్రమే.

పైలట్‌కి ఎజెక్షన్ సీటు ఉంది. నావిగేటర్‌కి లేదు. విమానం దెబ్బ తింటే అతను వెనక్కి పాకి, లేచి, కుడి పక్క తలుపుని వదిలేసి, పారాచూట్‌తో దూకాలి. చెట్ల ఎత్తులో పోతుంటే దానికి టైము ఎక్కడిది? ఈ సంగతి పుస్తకంలో చదివినప్పుడు ఒక వాక్యమే. అక్కడ బోర్లా పడుకుని, తలుపు దాకా పాకి, గడియ పట్టుకునేసరికి ఎంతసేపు పడుతుందో చూసుకున్నాను. నేలమీద, కదలని బండి మీద, మామూలు బట్టలతో, పారాచూట్ లేకుండా, పద్నాలుగు సెకన్లు. విమానం గింగిరాలు తిరుగుతూ ఉంటే ఆ లెక్కకి అర్థమే లేదు.

తలుపు వదిలే గడియలు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. పాత గ్రీజు మైనంలా గట్టిపడింది. నిజానికి ఈ తలుపుని ఇంకెవరూ గాల్లో వదలరు, మామూలుగా తెరుచుకుని మూసుకుంటే మ్యూజియానికి చాలు. వెల్డింగ్ చేసేద్దాం, పిల్లలు లాగి మీద వేసుకోకుండా ఉంటుందని ఒకరన్నారు. పిల్లల గురించి ఆ భయం సరైనదే. అయినా నేను ఒప్పుకోలేదు. బయట నుంచి ఒక పిన్ను పెడితే ఆ ప్రమాదం పోతుంది, లోపల యంత్రం యంత్రంగానే ఉంటుంది. చాలాసేపు వాదించుకుని చివరికి పిన్నుకే అందరూ ఒప్పుకున్నారు.

నాన్న వీడియో కాల్‌లో ఉండగా గడియ విప్పాను. ఆయన ఫోన్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు, నాకు ఆయన నుదురు మాత్రమే కనిపిస్తోంది.

"స్ప్రింగుని పక్కకి తోసి పట్టుకో... అటు కాదు, నీ వైపు. ఆఁ. ఇప్పుడు పిన్ను కిందికి లాగు. వచ్చిందా?"

"రావట్లేదు."

"బలవంతం చెయ్యకు. నూనె వేసి రేపు చూడు. మేం అదే చేసేవాళ్ళం."

తర్వాత ఒక సంగతి చెప్పారు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పనిది. ఎగరబోయే ముందు నావిగేటర్లు విమానం చుట్టూ తిరిగేటప్పుడు ఈ తలుపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగేవాళ్ళట. నోటితో ఏమీ అడిగేవాళ్ళు కాదు. నాన్న అది చూసి, వాళ్ళు రాకముందే ఒకసారి, వచ్చాక వాళ్ళ కళ్ళ ముందు ఇంకోసారి గడియ ఆడించి చూపించేవారట. రెండోసారి చెయ్యాలని ఏ రూల్లోనూ లేదు. "వాళ్ళకి సీటు లేదు కదమ్మా" అన్నారు.

ఆదివారం కూడా వెళ్ళాను. పిన్ను వచ్చింది.


మార్చి 16

గాజు బుడగ పని. ఇది గాజు కాదు, పర్‌స్పెక్స్ అనే గాజు లాంటి ప్లాస్టిక్. ఎండకి, చలికి పైన సాలెగూడు లాంటి సన్నటి గీతలు పడ్డాయి. లోపలి దాకా దిగిన పగుళ్ళు మూడున్నాయి, వాటిని ఏమీ చెయ్యలేం. పైపై గీతలకి మైక్రో మెష్ అనే మెత్తటి గరుకు గుడ్డలు ఉంటాయి, 1500 నంబరుతో మొదలుపెట్టి 12000 దాకా. ఒక్కో నంబరు ఒక్కో దిక్కుకి రుద్దాలి, నిలువు తర్వాత అడ్డం. అప్పుడే ముందు నంబరు గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. మధ్యలో నీళ్ళతో కడగాలి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా మళ్ళీ మొదటికే. మోటారు పెట్టి రుద్దితే వేడికి పర్‌స్పెక్స్ కరిగి మసకబారుతుంది, అందుకే చేత్తోనే.

నాలుగు శనివారాలకి అరచెయ్యి వెడల్పు రెండు చోట్ల అద్దంలా అయింది. అందులోంచి చూస్తే షెడ్డు కప్పు మీద పావురం కనిపించింది. మొత్తం అవడానికి ఎండాకాలం గడుస్తుంది.

కింద మొదటి రేకు అతుకు కూడా వేశాం. రేకుల్ని బిగించే పాత రివెట్లని డ్రిల్ చేసి తీసి, కొత్త రేకుని స్కిన్ పిన్నులతో తాత్కాలికంగా నిలబెట్టి, బయట ఒకరు రివెట్ గన్ పట్టుకుంటే, లోపల నేను డాలీ అనే ఇనుప దిమ్మని అదిమి పట్టుకున్నాను. మొదటి పదిలో నాలుగు వంకరగా వచ్చాయి, తీసి మళ్ళీ వేశాం. అతుకు వెనక వైపు ఈ నెల, ఈ ఏడాది పంచ్‌తో కొట్టాం. ఏది అసలుది, ఏది మేం వేసినది అన్నది తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలి.


ఏప్రిల్ 13

ఈ వారం అంతా రంగు గురించే గొడవ.

మే రెండో వారానికి కాన్‌బెరా మొదటిసారి ఎగిరి 75 ఏళ్ళు. ఆ శనివారం జనాన్ని పిలుద్దామని మ్యూజియం వాళ్ళ ఆలోచన. అందుకని బయట అంతా కొత్తగా రంగు వెయ్యమన్నారు. పైన బూడిద, ఆకుపచ్చ మచ్చలు, కింద వెండి రంగు, మెరుస్తూ. జనం మెరిసేదాన్నే ఇష్టపడతారు, టికెట్ డబ్బులతోనే షెడ్డు కప్పు బాగవుతుంది. అది నాకు అర్థమవుతుంది.

కానీ తడి స్పాంజితో రుద్దుతుంటే ఎడమ వైపు రంగు కింద ఇంకో రంగు, దాని కింద ఇంకోటి బయటపడ్డాయి. చెట్టు కాండంలో వలయాల్లా. ఒక చోట ఎర్రని హెచ్చరిక అక్షరాలు, బ్రష్‌తో చేత్తో రాసినవి, అచ్చు పెట్టి కాదు. అక్షరం చివర రాసినవాడి చెయ్యి కొంచెం జారింది. డిసెంబర్‌లో ఆ మూత మీద నేను తుడిచేసినది మళ్ళీ గుర్తొచ్చింది.

నేను గట్టిగానే చెప్పాను. మేం వేసే రేకు అతుకులు చాలా వరకు కుడి వైపే, అక్కడ కొత్త రంగు వేసుకోండి. ఎడమ వైపు ముట్టుకోవద్దు. కడిగి, వదులైన పెచ్చుల అంచులు అతికించి, మైనం పూసి వదిలేద్దాం. ఒక వైపు నుంచి చూస్తే కొత్తగా డ్యూటీకి వెళ్ళే విమానం, ఇంకో వైపు నుంచి చూస్తే అది పడ్డ కష్టం. రెండు గంటల మీటింగు తర్వాత ఒప్పుకున్నారు. కొందరికి ఇంకా నచ్చలేదని తెలుసు.

నాన్న మొన్న ఉగాదికి విశాఖ వెళ్ళినప్పుడు మనవరాలిని బీచ్ రోడ్డులో టీయూ142 చూపించడానికి తీసుకెళ్ళారట. టీయూ95 బాంబర్ నుంచి పుట్టిన నిఘా విమానం అది. నేవీలో 1988 నుంచి 2017 మార్చి దాకా పనిచేసింది. దాని గురించి ఆయన చెప్పినదంతా ఉప్పు గాలి గురించే. సముద్రం ఎదురుగా అంత పెద్ద విమానాన్ని నిలబెట్టి ఉంచాలంటే మంచినీళ్ళతో ఎన్నిసార్లు కడగాలో, అతుకుల్లో ఏం పూయాలో, చక్రాల మీద బరువు పడకుండా ఎలా నిలబెట్టాలో. ఆయన చెప్తుంటే మనవరాలు ఐస్‌క్రీమ్ తింటూ, "తాతా, ఇది నువ్వు బాగు చేశావా?" అని అడిగిందట. "దీన్ని కాదు, దీని కన్నా చిన్నదాన్ని. అది ఇప్పుడు మీ అత్త దగ్గరుంది" అని చెప్పారట.


మే 11

జనం బాగా వచ్చారు. 2007లో ఇదే తారీఖున ఆగ్రాలో మనవాళ్ళు కాన్‌బెరాలకి వీడ్కోలు చెప్పారని బోర్డు మీద నేనే రాసి పెట్టాను, భారతదేశంలో వాటి పని గురించి నాలుగు లైన్లు కూడా.

ఒక ముసలాయన చేతికర్రతో వచ్చాడు. జర్మనీలో బి(ఐ)8ల మీద పనిచేశాడట, ఇంజిన్ల వైపు. రోల్స్ రాయిస్ ఏవన్ ఇంజిన్‌ని తూటాతో స్టార్ట్ చేసేవాళ్ళు. తుపాకీ పేలినట్టు చప్పుడు, గుప్పున నల్ల పొగ. అది చెప్తూ చెయ్యి ముక్కు దగ్గర ఆడించాడు, ఇప్పటికీ ఆ పొగ అక్కడ ఉన్నట్టు. నాన్న కూడా సరిగ్గా అలాగే చేస్తారు. వీడియో కాల్ కలిపాను. ఒకరి ఇంగ్లిష్ ఒకరికి సగమే అర్థమైంది. తూటా పేలకపోతే ఎంతసేపు ఆగి దగ్గరికి వెళ్ళాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒకేసారి తలలూపారు.

ఎడమ వైపు పాత రంగు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు.


మే 18

మిగిలిన పని చాలా ఉంది. సుద్ద గీతల్లో ఆరింటికే అతుకులు పడ్డాయి. పర్‌స్పెక్స్ పావు వంతు కూడా కాలేదు. గడియారాల చోట అట్టముక్కలే ఉన్నాయి, రేడియం లేని అదే రకం గడియారాలు వెతకాలి. 4బీఏ స్క్రూలు అయిపోయాయి, ఇంకో వంద కావాలి. నావిగేటర్ పడుకునే చోట పరుపు తోలు చిరిగింది, దాన్ని కుట్టాలా అలాగే ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

తలుపు గడియ ఈ రోజు నూనె పెట్టి మళ్ళీ ఆడించాను. ఫోన్‌లో ఆ చప్పుడు విని నాన్న, "రెండోది కొంచెం ఆలస్యంగా పడుతోంది. స్ప్రింగు లోపలి వైపు ఫోటో తీసి పంపు" అన్నారు. తీసి పంపాను. అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు, ఆన్‌లైన్‌లో ఉన్నారు.